నీళ్ళు తాగిన ఏడో వరుస

భాగ్యలక్ష్మికి గోడలంటే భయం. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఎందుకంటే ఆమె పుట్టింది తాపీ మేస్త్రి ఇంట్లో, పెళ్ళాడింది ఇంకో తాపీ మేస్త్రిని, నలభై ఆరేళ్ళ బతుకులో ముప్పై ఏళ్ళకు పైగా గోడలకు నీళ్ళు పడుతూనే గడిపింది. అలాంటి మనిషి ఇప్పుడు ఏ గోడ పక్కనా కూర్చోదు. అన్నం తినేటప్పుడు కూడా ఆరుబయట ఎండలో కూర్చుంటుంది. ఈ భయం ఆమెకు కిందటి జూన్‌లో పట్టుకుంది. పట్టించింది నేనే కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

నా పేరు హరిణి, మాది తెనాలి. సూరత్ బయట జోల్వా దాటాక ఉన్న ఒక ఇటుకల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఇంజనీరుని. ఇటుకంటే మీరనుకునే ఎర్ర ఇటుక కాదు, బూడిదరంగు దిమ్మ, మోకాటి పొడవుంటుంది. అందులో సిమెంటు ఉండదు. దాన్ని బట్టీలో కాల్చే పనీ లేదు. ఉక్కు ఫ్యాక్టరీల్లో మిగిలిన చిట్టెం పొడి, కరెంటు ఫ్యాక్టరీల బూడిద, పాత ఇళ్ళు కూల్చితే వచ్చే మల్బా, ఈ మూడింటినీ ఘాటైన ఒక మందుతో కలిపి అచ్చు పోస్తాం. ఊరు పారేసిన చెత్తతోనే ఊరికి ఇళ్ళు. రేపు కట్టే ఇళ్ళన్నీ ఇలాగే ఉంటాయని మా సేఠ్ వచ్చిన ప్రతివాడికీ చాయ్ తాగించి మరీ చెబుతాడు. అది అబద్ధమని నేననను. ఈ ఇటుకను నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

దీనికి ఒక్కటే షరతు. అచ్చు పోసిన వారం దాకా నీటి చుక్క తగలకూడదు. ప్లాస్టిక్ పట్టా కప్పి వదిలేయాలి. గట్టిపడే లోపే నీళ్ళు పోస్తే లోపలి మందు కడుక్కుపోతుంది. పైకి బాగానే కనబడుతుంది, లోపల మాత్రం సత్తువ ఉండదు.

ఈ సంగతి నాకు తెలుసు. భాగ్యలక్ష్మికి తెలియదు.

ఆమెకు తెలిసింది వేరు. వాళ్ళది పాలమూరు వైపు కోస్గి దగ్గర ఊరు. వాళ్ళ నాన్న పని దొరికిన చోటికల్లా సంసారం మోసుకుపోయిన మేస్త్రి. భాగ్యమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు పుణెలో ఎవరిదో ఇంటి గోడ చూపించి, చేతిలో సత్తు చెంబు పెట్టి, "ఇది నీ బిడ్డ. పొద్దుమాపు నీళ్ళు తాపు. ఎండకు ఇడిసిపెట్టినవంటే నెర్రెలిస్తది" అన్నాడట. తోటి పిల్లలు బడికి పోయి అక్షరాలు దిద్దుకుంటుంటే ఈమె గోడలకు నీళ్ళు తాపింది. సూరత్ వచ్చాక మా యార్డులో చేరింది. అప్పట్లో మావీ మామూలు సిమెంటు ఇటుకలే. పన్నెండేళ్ళు రోజుకు మూడు పూటలా పైపు పట్టుకుని వరుసలన్నీ తడిపింది. యార్డులో అందరూ ఆమెను పానీవాలీ అని పిలిచేవాళ్ళు. ఆ పేరంటే ఆమెకు గర్వం.

ఈ కొత్త ఇటుకల మిషను దిగిన రోజు నా దగ్గరికొచ్చి కొంగు నలుపుకుంటూ నిలబడింది.

"మేడం, ఈటికి నీళ్ళొద్దంటున్రు. నీళ్ళొద్దంటే నేనొద్దన్నట్టే గదా?"

"నీ పనెక్కడికీ పోదు భాగ్యమ్మా. పట్టాలు కప్పు, చాలు" అని నవ్వాను.

నవ్వకుండా ఒక్క ఐదు నిమిషాలు ఆమెను కూర్చోబెట్టి విషయం చెప్పి ఉంటే నేనిది రాయాల్సిన అవసరమే ఉండేది కాదు. నేను చేసిందేమిటంటే, షెడ్డు ముందు ఎర్రక్షరాల బోర్డు పెట్టించాను. గుజరాతీలో ఒక లైను, ఇంగ్లీషులో ఒక లైను. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. తర్వాత పదిమందినీ నిలబెట్టి హిందీలో, "పానీ బిల్‌కుల్ నహీ డాల్నా" అంటే చుక్క నీళ్ళు కూడా పోయొద్దని గట్టిగా చెప్పాను. అందరూ తలూపారు. ఎందుకు పోయకూడదో మాత్రం చెప్పలేదు. కూలీలకు అదంతా ఎందుకులే అనుకున్నాను. పోనీ భాగ్యమ్మకైనా పక్కకు పిలిచి తెలుగులో చెప్పొచ్చు. తెలుగువాళ్ళు తెలుగువాళ్ళను వెనకేసుకొస్తారని ఆఫీసులో ఒకడు అంటుండేవాడు. వాడి నోటికి జడిసి, యార్డులో నేను ఆమెతో అవసరానికి మించి మాట్లాడేదాన్ని కాదు.

మే నెల రెండో వారంలో సర్టిఫికెట్ పనిమీద నాలుగు రోజులు అహ్మదాబాద్ వెళ్ళాను. ఆ నాలుగు రోజులూ నలభై మూడు డిగ్రీల ఎండ. మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళినప్పుడు భాగ్యమ్మ పట్టా ఎత్తి చూసింది. ఇటుకలు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయట. మేడమేమో చదువుకున్న పిల్ల, ఎండ ఎట్లుంటదో ఆమెకేం ఎరుక అనుకుంది. మందు కలిపే డ్రమ్ము పక్కనే ఏడో వరుస. పైపు అక్కడికి అందింది. పోసింది. నాలుగు రోజులు, నాలుగు మధ్యాహ్నాలు, వెయ్యిన్ని అరవై ఇటుకలు. ఆరాక వాటిమీద తెల్లగా సున్నం పూసినట్టు పొర తేలింది. అది మందు బయటికొచ్చిన గుర్తు. ఆమె కళ్ళకు మాత్రం నిగనిగలాడుతున్నట్టు కనబడింది. యార్డులో అన్నిటికంటే మంచి ఇటుకలు అవేనని మురిసిపోయింది.

నేనొచ్చాక పరీక్షకు ఇటుకలు తీశాను. నాదో బద్ధకపు అలవాటు, ఎప్పుడూ తలుపు దగ్గరున్న మొదటి వరుసలోంచే తీసేదాన్ని. పాసయ్యాయి. మొత్తం సరుకు కింద సంతకం పెట్టేశాను. ఏడో వరుస లారీ ఎక్కి వెళ్ళిపోయింది.

జూన్ మొదటి వారంలో ఏదో కాలేజీ పిల్లలు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. వాళ్ళకోసం ఒక తమాషా ఏర్పాటు చేశాను. ముందురోజు పోసిన ఇటుకను రాత్రంతా బకెట్ నీళ్ళలో నానబెట్టి, అందరి ముందూ తీసి, దాని అంచును నా బొటనవేలితో నలిపాను. తడిసిన బెల్లం ముక్కలా రాలిపోయింది. "మొదటి వారంలో నీళ్ళే దీనికి విషం" అని హిందీలో చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ వెనక పట్టా పట్టుకుని నిలబడ్డ భాగ్యమ్మ చేతుల్లోంచి పట్టా జారిపోయింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఎండదెబ్బ అనుకుని, "పోయి మజ్జిగ తాగు" అని పంపేశాను. నా తెలివి అంతవరకే.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు ఆమె ఎలా బతికిందో నాకు తర్వాత తెలిసింది.

ఏడో వరుస ఎక్కడికెళ్ళిందో ఆమె ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ ఇటుకలు కట్టింది ఆమె మొగుడు లింగమే. వాళ్ళుండేది గోడాదరాలో. అదే వీధి చివర ఒక బాల్వాడీ, అంటే చిన్నపిల్లల బడి, ఉంది. మగ్గాల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు నలభై మంది దాకా వస్తారు. దాని వెనక ప్రహరీ పడిపోతే కొత్తది కట్టే పని లింగం పనిచేసే కాంట్రాక్టరుకు వచ్చింది. తలకు మించిన ఎత్తు, నాలుగంగుళాల మందం. పిల్లలకు పదకొండింటికి తిండి పెట్టేది దాని నీడలోనే. ఆ గోడ పైకి లేస్తున్నప్పుడు భాగ్యమ్మ పోయి చూసి, తెల్ల పొర గుర్తుపట్టి, "ఇవి నా చేతివే" అని మొగుడికి గొప్పగా చెప్పుకుంది కూడా.

ఇప్పుడు అదే గోడ ఆమె గుండె మీద పడి కూర్చుంది. పొద్దున పనికి వస్తూ ఒకసారి, సాయంత్రం పోతూ ఒకసారి దాన్ని చూసుకునేది. పగుళ్ళకోసం వెతికేది. ఒంగిందేమోనని ఒక కన్ను మూసి చూసేది. ఒకరోజు పని మానేసి, తిండివేళకు బాల్వాడీకి పోయి, "బెన్, పిల్లల్ని అటు కూసోబెట్టు, ఇటొద్దు" అని ఆయాను బతిమాలింది. నీడ వదిలి ఎండలో కూర్చోబెట్టమనేది ఎవరని ఆయా తిట్టి పంపేసింది. అప్పుడు తానే పోయి పిల్లలకూ గోడకూ మధ్య కూర్చుంది. గోడ పడితే ముందు తన మీద పడుతుంది కదా అనుకుందట. ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది.

ఎవరికీ చెప్పలేకపోయింది. మొగుడికి చెబితే తాను కట్టిన గోడకు వంక పెట్టిందని మండిపడతాడు. నాకు చెబితే పని పోతుంది, పోలీసులొస్తారు, జైల్లో వేస్తారు. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె బతుకు. అన్నం సహించలేదు. రోజూ మబ్బులకేసి చూసేది. గోడ ఎండలో ఎలాగోలా నిలబడుతుంది, తడిస్తే నిలబడదని ఆమెకు ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. తడిసిన ఇటుక నా బొటనవేలి కింద ఏమైందో చూసింది కదా.

జూన్ ఇరవయ్యో తారీకు పొద్దున్నే ఆకాశం నల్లబడింది. పది గంటలకు భాగ్యమ్మ నా ల్యాబులోకి వచ్చి తలుపు వేసింది. నిలబడలేక గోడ పట్టుకోబోయి, చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది.

"మేడం, నేనొక పాపం జేసిన."

"ఏమైంది?"

"ఏడో వరుసకు నీళ్ళు వట్టిన. మీరు లేనప్పుడు. నాలుగు దినాలు. నువ్వు బకెట్ల నానేసి చూపిచ్చినవు గదా, గప్పటి సంది నా పానం నాకాడ లేదు. గా ఇటుకలతోని బాల్వాడీ గోడ కట్టిన్రు. వానొస్తుంది మేడం. పోరగాండ్లు గాడ్నే కూసుంటరు."

నిజం చెప్పాలి కదా, నాకు మొదట గుర్తొచ్చింది పిల్లలు కాదు. పరీక్ష కాగితం మీద నా సంతకం. ఆ వెంటనే నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఎవరికైనా చెప్పావా?"

"లేదు" అంది. నా ముఖంలోకి చూసింది. నాకేం భయమో ఆమెకు అర్థమైపోయింది. తాను పద్నాలుగు రోజులు మోసిన దాన్ని ఈ పిల్ల పద్నాలుగు క్షణాలు కూడా మోయలేకపోతోందని అనుకుని ఉంటుంది. "నువ్వు రాకున్నా నేను వోతా. గడ్డపారతోని నేనే కూలగొడ్తా" అంది.

సిగ్గుతో లేచాను.

గోడ మీద నొక్కితే దాని బలం అంకెల్లో చెప్పే స్ప్రింగు సుత్తి ఒకటి మా దగ్గరుంది. అది సంచిలో వేసుకుని, ఆమెను స్కూటీ వెనక ఎక్కించుకుని గోడాదరాకు బయల్దేరాను. దారి పొడవునా ఆమె నా భుజాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే మర్నాటికి అక్కడ కమిలిపోయింది. మబ్బు మాకంటే ముందే పోతున్నట్టుంది. ఉధ్నా వైపు ఆకాశం మరీ నల్లగా ఉంది.

మేం వెళ్ళేసరికి పిల్లలు గోడ కిందే కంచాలు పట్టుకుని కూర్చున్నారు. ఈసారి ఆయా తిట్టలేదు, నా మెడలోని కార్డు చూసి పిల్లల్ని లోపలికి తోలి తలుపు వేసింది. సుత్తి పెట్టి పది చోట్ల చూశాను. ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు. కింది వరసల్లో మరీ అధ్వాన్నం. నేను సుత్తిని అదే చోట మళ్ళీ మళ్ళీ పెట్టి చూడడం గమనించి, అంకెలు చదవడం రాకపోయినా భాగ్యమ్మ అక్కడే నేలమీద కూలబడింది.

కబురందుకుని లింగం వచ్చాడు. గోడ మీద చేయి వేసి నిలబడి, "నా గోడకేమైంది? తూకం గుండు ఏసి చూడున్రి, ఏడన్న నూలు పోగంత వంకరుందేమో" అని గొంతు పెంచాడు. నేను అతని తాపీ తీసుకుని మొనతో ఇటుకను గీకాను. బొలబొలా పొడి రాలింది. లింగం ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి, తెల్ల పొర చూసి, భార్య వైపు తిరిగాడు.

"నీళ్ళు వట్టినవా?"

"పట్టిన."

కొడతాడేమోనని నేను అడ్డం పోబోయాను. అతను పొడి దులుపుకుని, "నేనుంటే నేను గూడ నీళ్ళు పడ్తుంటి" అన్నాడు, అంతే. తలకు తువాలు చుట్టుకుని సమ్మెట తెచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికల్లా గోడ నేలమట్టమైంది. వాన ఇంకా రాలేదు. ఆయా అందరికీ చాయ్ పోసింది. పద్నాలుగు రోజుల తర్వాత మొదటిసారి భాగ్యమ్మ బిస్కెట్ నోట్లో పెట్టుకుంది. నాకూ ఊపిరాడింది. సేఠ్‌కు ఉన్నదున్నట్టు రాయాలని నిశ్చయించుకుని ఫోన్లో డిస్పాచ్ కాగితం తెరిచాను.

"లింగం, గోడకు ఎన్ని ఇటుకలు పట్టాయి?"

"తొమ్మిది నూర్లు. ఒకటి ఎక్కువ గాదు, ఒకటి తక్కువ గాదు."

"ఏడో వరుసలో వెయ్యిన్ని అరవై కదా. మిగతా నూట అరవై ఏవి?"

లింగం చాయ్ గ్లాసు కింద పెట్టాడు. పని అయ్యాక మిగిలిన నాలుగు ఇటుకలు, అర సంచి సిమెంటు మేస్త్రి ఇంటికి పోవడం మామూలే. దాన్ని దొంగతనమని ఎవరూ అనరు, కాంట్రాక్టరే తీసుకుపొమ్మంటాడు. ఏ మేస్త్రి ఇల్లు చూసినా గోడకో రకం ఇటుక కనబడేది అందుకే. లింగం వీధిలో తమ ఇంటి వైపు చూశాడు. భాగ్యమ్మే అంది.

"మా ఇంటి మీది అర్ర."

వాళ్ళ ఒక్కగది ఇంటిమీద మే నెలాఖరులో ఒక రేకుల గది లేచింది. కూతురు విజేత పన్నెండో తరగతి. కింద టీవీ గోలలో చదువు సాగడం లేదని పట్టుబట్టి కట్టించుకుంది. మూడు వైపులా రేకులు, డాబా వైపు మాత్రం ఇటుక గోడ. భాగ్యమ్మ పని నుంచి వచ్చేసరికే లింగం గోడ లేపి సిమెంటు పూసేశాడు. పూత కింద ఏ ఇటుకుందో ఆమె అడగలేదు. పూతకు మాత్రం పదిరోజులు పొద్దుమాపు చెంబుతో నీళ్ళు కొట్టింది. ఈ పద్నాలుగు రోజులూ ఊళ్ళో పిల్లల కోసం వణికిపోతూ, ఇంటికొచ్చి కూతురిని అదే గోడ పక్కన పడుకోబెట్టింది.

మొదటి చినుకు నా ఫోను అద్దం మీద పడింది.

ఆమె పరుగెత్తింది. ఆ వయసులో ఆడమనిషి అలా పరుగెత్తడం నేను చూడలేదు. చెప్పులు వీధిలోనే వదిలేసింది. లింగం కూతురికి ఫోన్ చేస్తూ పరుగెత్తాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. వాళ్ళ వెనక నేను. సందు మలుపు తిరిగేసరికి వాన దబదబా అందుకుంది. ఇనుప మెట్లు జారుతున్నాయి. భాగ్యమ్మ నాలుగు కాళ్ళమీద ఎక్కినట్టు చేతులతో పట్టుకుని ఎక్కింది.

విజేత మంచం మీద ఆ గోడకే వీపు ఆనించి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పుస్తకం చదువుకుంటోంది. గోడ పొడవునా బయట తడి మరక మోకాలెత్తు వరకూ ఎక్కింది. భాగ్యమ్మ అరవలేదు. అరిస్తే గోడ కదులుతుందేమో అన్నట్టు మెల్లగా పోయి కూతురి జబ్బ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

"క్యా హువా మమ్మీ? ఛోడ్ నా! నా బుక్ తడుస్తది!"

పుస్తకం మంచం మీదే జారిపడింది. భాగ్యమ్మ బిడ్డను మెట్ల దాకా ఈడ్చుకొచ్చి రెండు చేతులతో చుట్టేసుకుంది.

"అందరు దూరం జరుగున్రి" అన్నాడు లింగం. సమ్మెట బాల్వాడీ దగ్గరే మరిచిపోయి వచ్చాడు. డాబా వైపు నుంచి గోడకు భుజం ఆనించి, ఒక్కసారి నెట్టాడు. తలుపు తోసినట్టు తోశాడు, అంతే. గోడ పైనుంచి కిందిదాకా ఒకేసారి లోపలికి ఒరిగి మంచం మీద పడింది. ఇనుప పైపుల మంచం మధ్యకు విరిగింది. దిండు, పుస్తకం కనబడలేదు.

విజేత మంచం వైపు చూస్తూ ఏడుపు మొదలుపెట్టింది. లింగం రేకులకు ఆనుకుని ముఖం కప్పుకున్నాడు. భాగ్యమ్మ బిడ్డను వదలకుండానే నా వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు, కోపం ఉంటే నాకు బాగుండేది.

"మేడం, నీళ్ళు ఎందుకు వొయ్యొద్దో జెర తెలుగుల చెప్పరాదు."

అక్కడే, ఆ వానలో చెప్పాను. సిమెంటుకు నీళ్ళు తిండి, అందుకే మీ నాన్న తాపమన్నాడు. దీనిలో సిమెంటు లేదు, మందే దీని తిండి. నీళ్ళు పోస్తే ఆ తిండి బయటికి కొట్టుకుపోతుంది. వారం ఆగితే లోపల గట్టిపడుతుంది, తర్వాత ఎంత వానొచ్చినా ఏం కాదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె శ్రద్ధగా వింది. విని, విరిగిన మంచం వైపు ఒకసారి చూసి, "గింతేనా?" అంది.